ప్రోఫిరా తీసుకెళ్ళిన పద్నాలుగు మంది

ఆ ప్రయాణం నాటికి ప్రోఫిరా కజాకు మా బడిలో ఇరవై ఆరేళ్ళుగా భూగోళ శాస్త్రం చెబుతోంది. పో నది ఎక్కడ పుట్టి ఏ సముద్రంలో కలుస్తుందో, ఆల్ప్స్ పర్వతాల ఏ వాలున మంచు ముందుగా కరుగుతుందో పటం చూడకుండా చెప్పగలిగేది. అయితే ఊరి పక్కనే మా దేశపు సరిహద్దుగా పారే ప్రూట్ నదికి అవతలి ఒడ్డున మొదటిసారి కాలు పెట్టేనాటికి ఆమెకు యాభై మూడేళ్ళు. ఉద్యోగంలో చేరిన మొదటి పదమూడేళ్ళూ మనవాళ్ళు బయటికి వెళ్ళనివ్వలేదు. తరవాత వెళ్ళనిచ్చారు గాని, బయటివాళ్ళు లోపలికి రానివ్వలేదు. దీన్ని ఆమె ఎన్నడూ ఫిర్యాదుగా చెప్పుకోలేదు. చూడనిదాన్ని గురించి తప్పు లేకుండా మాట్లాడటం కూడా ఒక నిష్ఠే అని ఒకసారి అన్నది. ఆ మాటలో నిష్ఠ కన్నా సర్దుబాటే ఎక్కువ ఉందని నాకప్పుడు అనిపించింది.

శనివారాల్లో ఆమె పెద్ద తరగతుల పిల్లలకు నాట్యం నేర్పేది. చప్పట్లు కొట్టేది కాదు, అంకెలు పలికేది కాదు. తిరుగుతున్న వలయం వెనక నిలబడి, అడుగు తప్పినవాడి వీపు మీద రెండు వేళ్ళు ఆనించేది. బాగుందన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. చరిత్ర పాఠం చెప్పే నేను అకార్డియన్ వాయించగలిగినందువల్ల ఆ శనివారాలకు నన్నూ కట్టేశారు. ఆ విధంగా, ఆమె జీవితంలోని ఒకే ఒక్క విదేశ ప్రయాణానికి నేను సాక్షినయ్యాను.

ఇటలీ ఉత్తర భాగంలోని ఒక చిన్న పట్నపు చర్చివాళ్ళు తమ వసంతోత్సవానికి మా పిల్లల్ని పిలిచారు. వినడానికి సంతోషకరమైన సంగతే. కాని అప్పటికి మా లున్కా వేకె గ్రామంలో నాలుగు వందల గడపలుంటే, సగం గడపల్లో తల్లి లేదు. తల్లులంతా ఇటలీలో ఎవరి ముసలివాళ్ళకో స్నానాలు చేయిస్తూ, మందులు వేస్తూ ఉన్నారు. పర్యాటకుల వీసా మీద వెళ్ళి, అది తీరిపోయాక కాగితం లేకుండా ఉండిపోయినవాళ్ళు. మళ్ళీ రానివ్వరన్న భయంతో ఇంటికి రాలేనివాళ్ళు. ఆ దారి కూడా మూసుకుపోయాక కొందరు నాట్య బృందాలు మొదలుపెట్టారు. ఒక్క అడుగు రానివాళ్ళు అద్దె చొక్కాలు తొడుక్కుని వెళ్ళేవారు. ఖాళీ బస్సుతో డ్రైవరొక్కడే తిరిగొచ్చేవాడు.

అందువల్ల ఇటలీ దౌత్య కార్యాలయం ఒక షరతు పెట్టింది. తిరిగొచ్చిన ఐదు రోజుల్లో ప్రతి విద్యార్థీ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా వచ్చి ముఖం చూపించాలి. ఒక్క ముఖం తగ్గినా, జామీను సంతకం చేసిన ఉపాధ్యాయుల పేరూ బడి పేరూ నిషేధ జాబితాలోకి వెళతాయి. జిల్లా విద్యాశాఖ ఇంకో మెట్టు ఎక్కి, అలా సంతకం చేసినవారిని ఉద్యోగంలోంచి తీసేస్తామని ఉత్తరం పంపింది. ప్రోఫిరాకు పింఛనుకు ఇంకా నాలుగేళ్ళుంది. సంతకం ఆమెదే.

"తల్లో తండ్రో అక్కడున్న పిల్లల్ని కొట్టెయ్యండి ప్రోఫిరా గారూ," అన్నాడు హెడ్‌మాస్టర్. "చేపని చెరువు గట్టు దాకా మోసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తెమ్మంటే తెస్తామా?"

"కొట్టేస్తే ఎవరు మిగులుతారో చూశారా?"

"మిగిలినవాళ్ళతోనే ఆడించండి."

"మిగిలినవాళ్ళకి కాళ్ళున్నాయి. అంతకు మించి ఏం లేదు."

అన్నదే గాని, కొట్టేసింది. ఇరవై ఒక్క మందిలో ఏడుగురు పోయారు. మిగిలినవాళ్ళలో పద్నాలుగో పేరు సాండా. పదహారేళ్ళ పిల్ల, వలయాన్ని ముందుండి నడిపించేది. ఆమె తల్లి లియూబా నాలుగేళ్ళుగా ఇటలీలోనే ఉందని ఊళ్ళో కోళ్ళకు కూడా తెలుసు. సాండా అమ్మమ్మ ఎవ్దోకియా బడికి వచ్చి, టీచర్ల గదిలో మా అందరి ముందూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తల్లెక్కడుందని ఆ కాగితంలో అడిగితే మాస్కో అని రాసుకో ప్రోఫిరా."

"మాస్కోలో ఏం చేస్తోందని రాయను?"

"ఇళ్ళు కడుతోందని రాయి."

"లియూబా ఇళ్ళు కడుతోందా?"

"కట్టడం లేదూ? నా పెరట్లో గోడలు లేపింది, పైకప్పుకి ఇంకో రెండేళ్ళు పడుతుందంటోంది. ఎక్కణ్ణించి కడితే నీకేం?"

ప్రోఫిరా కలం తీసి మాస్కో అని రాసింది. అది అబద్ధమని తెలిసి రాసింది, దాని కింద సంతకం చేసింది. నడిపించేవాళ్ళు లేకపోతే వలయం తిరగదని నాతో తరవాత చెప్పిన కారణం సగమే నిజమనుకుంటాను. మిగతా సగం ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ ఊహించి రాయను.

ఆ సాయంత్రమే సాండాను పిలిచింది.

"మనం ఏ ఊరెళ్తున్నామో మీ అమ్మకి తెలియకూడదు."

"తెలీదు టీచర్."

"నువ్వు చెప్పవు కదా?"

"మీరు నాక్కూడా చెప్పలేదుగా."

నిజమే. ఊరి పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు. కార్యక్రమం కాగితం ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఉంది. పద్నాలుగు పాస్‌పోర్టులూ అందులోనే ఉన్నాయి.

ఇంత జాగ్రత్త పడిన మనిషి బయల్దేరే రోజు పొద్దున ఒక పొరపాటు చేసింది. అది మా ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు. పేర్లు కొట్టేసిన ఆ ఏడుగురు పిల్లలూ బస్సు దగ్గర వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో తాళ్ళతో బిగించిన ఒక్కొక్క మూట, మూట మీద తల్లి పేరు, ఫోను నంబరు. మా ఊరినుంచి ఏ బండీ మూటలు లేకుండా కదలదు. ఇచ్చిన మూటను వద్దన్నవాళ్ళు మాకు గుర్తులేరు.

"నన్నైతే తీసుకెళ్ళలేదు టీచర్, నా జున్నునైనా తీసుకెళ్ళండి," అన్నాడు వాళ్ళలో పొడుగాటి నిచితా. "దానికి అక్కడ బంధువులెవరూ లేరు."

బస్సులో ఉన్నవాళ్ళు నవ్వారు. ప్రోఫిరా నవ్వలేదు. మూట అందుకుంది. తరవాత మిగతా ఆరూ అందుకుంది. ఊరు దాటి, ద్రాక్ష తోటలు దాటి, నది వంతెన ఎక్కుతున్నప్పుడు నేను మెల్లగా అడిగాను.

"ఇవి అందజేయాలంటే ఆ తల్లులకి చోటూ వేళా చెప్పాలి కదా?"

ఇరవై ఆరేళ్ళు గోడ మీది పటంలో వేలుతో చూపించిన నది కిటికీ కింద కదులుతోంది. ఆమె చూపు మాత్రం వెనక సీట్లో పేర్చిన మూటల మీదే ఉంది.

"ఎదురుగా నిలబడ్డ పిల్లాడికి వద్దని ఎలా చెప్పను మాస్టారూ? మనిషిని వద్దనేశాను. మూటని కూడానా?"

హంగరీలో బండి ఆగినప్పుడు డ్రైవరు త్రొఫిమ్ ఫోను తీసుకుని ఏడుగురికీ ఆమే స్వయంగా చెప్పింది: ఆదివారం రెండు గంటలకు, చర్చి ముందున్న చౌకులో. ఇంకెవరికీ చెప్పొద్దన్నది. ఏడుగురూ సరేనన్నారు. అబద్ధమాడాలని కాదు. ఆదివారం మధ్యాహ్నం తప్ప వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు. దొరికిన ఆ నాలుగైదు గంటల్లో పంచుకోవడానికి వాళ్ళకు ఊరి కబురు తప్ప వేరే ఆస్తి లేదు.

ఇటలీ సరిహద్దు దగ్గర ఒక అధికారి పాస్‌పోర్టులన్నీ చూసి, బస్సులోకి తొంగిచూసి, ఏదో అన్నాడు. పదేళ్ళుగా ఆ దారిలో తిరుగుతున్న త్రొఫిమ్ దాన్ని మాకు చెప్పాడు.

"దిగి ఆడమంటున్నాడు టీచరమ్మా. నిజంగా ఆడేవాళ్ళో కాదో చూస్తాడంట."

లారీల మధ్య తడి సిమెంటు నేల మీద, చెప్పులతో, చలికి భుజాలు బిగించుకుని మా పిల్లలు చేతులు కలిపారు. నేను వాయించాను. సాండా కదిలింది, ఆమె వెనక మిగతా పదమూడు మందీ కదిలారు. రెండు చుట్లు తిరిగాక అధికారి చాలన్నట్టు చెయ్యెత్తాడు. సాండాను చూపించి మళ్ళీ ఏదో అడిగాడు.

"ఈ పిల్ల తిరిగొస్తుందా అని అడుగుతున్నాడు."

"ఈ పిల్లనే ఎందుకు అడుగుతున్నాడు?"

"అందరికన్నా బాగా ఆడిందంట. బాగా ఆడేవాళ్ళే ఎక్కువగా ఉండిపోతారంట."

ప్రోఫిరా అతని కళ్ళలోకి చూసి, మా భాషలోనే, నింపాదిగా జవాబిచ్చింది.

"వస్తుందని చెప్పు త్రొఫిమ్. నేను సంతకం పెట్టానని చెప్పు."

ముద్ర పడింది. బస్సెక్కాక ఆమె పాస్‌పోర్టులు రెండుసార్లు లెక్కపెట్టి సంచిలో పెట్టుకుంది.

ఆ పట్నంలో మేమున్న మూడు రోజులనూ పిల్లలు ఎలా గుర్తుంచుకున్నారో నాకు తెలియదు. నాకు గుర్తున్నది లెక్కపెట్టడం. చర్చివాళ్ళు పిల్లల్ని ఇద్దరిద్దరు చొప్పున తమ ఇళ్ళలో ఉంచుకుంటామన్నారు. ప్రోఫిరా ఒప్పుకోలేదు. బడి వ్యాయామశాలలో నేల మీద పరుపులు పరిపించి, తలుపు పక్కన తన పరుపు వేసుకుంది. ఆతిథ్యం ఇవ్వబోయినవాళ్ళు నొచ్చుకున్నారు. వాళ్ళు నొచ్చుకోవడం న్యాయమే. తలుపు దాటిన ప్రతిసారీ ఆమె పెదవులు పద్నాలుగు దాకా కదిలేవి. మమ్మల్ని ఒక రోజు విహారానికి తీసుకెళ్ళినప్పుడు బస్సు పో నది మీది పొడుగాటి వంతెన దాటింది. ఆమె ముందు వరసలో నిలబడి, నదికి వీపు పెట్టి, తలలు లెక్కపెడుతూ ఉండిపోయింది. వంతెన దాటాక చెప్పాను. ఓహో అన్నది, అంతే.

భయం మనిషిని మేధావిని చేయదు, కాపలాదారుణ్ణి చేస్తుంది. కాపలాదారు లోకంలో రెండే రకాల వస్తువులుంటాయి: ఉన్నవి, లేనివి. ఆ మూడు రోజులూ ఆమెకు సాండా ఒక పిల్ల కాదు, ఒక అంకె. ఈ మాట నేను ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఒప్పుకునేదే. లెక్క మాత్రం ఆపేది కాదు.

ఆదివారం వచ్చింది. సాయంత్రం ఐదు గంటలకు బస్సు కదలాలి. ఆరు దాటితే, మా వీసా గడువు తీరేలోపు చివరి సరిహద్దు అందుకోలేమని త్రొఫిమ్ పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నాడు.

రెండు గంటలకు చౌకులోకి వచ్చింది ఏడుగురు కాదు. ముప్పై మంది దాకా ఉంటారు. పట్నపు కోట్లు, చేతిసంచులు, ఇస్త్రీ చేసిన జుట్టు. కాని దూరంనుంచే మావాళ్ళని తెలుస్తుంది, నిలబడేటప్పుడు చేతులు పొట్ట మీద కట్టుకుంటారు. మూటలు అందుకున్నవాళ్ళు అక్కడికక్కడే తాళ్ళు విప్పి ముక్కులకు ఆనించుకున్నారు. నిచితా తల్లి జున్ను తుంచి నోట్లో వేసుకుని, "ఇంకాస్త ఉప్పు పడాలి, వీడికి ఎన్నిసార్లు చెప్పినా అంతే," అని తిట్టింది. తిడుతూనే కళ్ళు తుడుచుకుంది. మూట లేనివాళ్ళు మా పిల్లల ముఖాల్లో తమవాళ్ళ పోలికలు వెతుక్కున్నారు.

చర్చి రాతి మెట్ల మీద, అందరికీ దూరంగా, సన్నగా ఉన్న ఒకావిడ నిలబడి ఉంది. ప్రోఫిరా నా మోచెయ్యి పట్టుకుంది.

"లియూబా."

పద్దెనిమిదేళ్ళ కిందట ఈ వలయాన్ని ముందుండి నడిపించింది లియూబానే.

సాండా చూసిందో లేదో తెలియలేదు. తలెత్తకుండా మొదటి నాట్యం నడిపించింది, రెండోదీ నడిపించింది. లియూబా కదల్లేదు. చివరికి హోరా మొదలైంది, అందరూ చేతులు పట్టుకుని తిరిగే పెద్ద వలయం.

మా హోరాకు ఒక పద్ధతి ఉంది. వలయం తిరుగుతుండగా ఎవరైనా వచ్చి పట్టుకున్న రెండు చేతుల మధ్య తమ చెయ్యి పెడితే, ఆ చేతులు విడిపోయి చోటివ్వాలి. నువ్వెవరని గాని ఎందుకొచ్చావని గాని అడగకూడదు. వచ్చినవాడు పగవాడైనా సరే. పాట ముగిసేదాకా ఆ చెయ్యి వదలకూడదు. వాయించేవాడు, కొత్త మనిషి చేరాక, కనీసం మూడు చుట్లు తిరగనివ్వకుండా పాట ఆపకూడదు. ఇవన్నీ ఆ పిల్లలకు నేర్పింది ప్రోఫిరానే.

లియూబా మెట్లు దిగి, చౌకు దాటి వచ్చి, సాండాకూ పక్క అమ్మాయికీ మధ్య చెయ్యి పెట్టింది. చేతులు విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. వలయం ఆగలేదు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా సగం చుట్టు తిరిగారు. నా పక్కనుంచి వెళ్తున్నప్పుడు సాండా గొంతు వినబడింది.

"ఎడమ కాలు ముందు, అమ్మా."

"నాకు నేర్పినావిడ అక్కడే ఉందిలే. నువ్వు చెప్పొచ్చావు."

మూడు చుట్లయ్యాయి. నేను ఆపలేదు. మిగతా ఆడవాళ్ళు చేతిసంచులు రాళ్ళ మీద పెట్టేసి ఒకరి తరవాత ఒకరు వచ్చి చేరారు. ఏడుగురు, పదిహేను మంది, ఇరవై మంది. వలయం చౌకు అంచులకు తాకింది. వాళ్ళ మధ్య మా పిల్లలు ఎక్కడెక్కడున్నారో కనబడటం లేదు. ప్రోఫిరా నా వెనక్కు వచ్చింది.

"ఆపండి మాస్టారూ. నాకు లెక్క తేలడం లేదు."

"ఇప్పుడే ఇంకొకావిడ చేరింది. మూడు చుట్లు కావాలి."

"పద్ధతి నాకు చెప్పకండి."

"అయితే మీరే వెళ్ళి విడదీయండి."

ఆమె ముందుకు ఒక అడుగు వేసింది. మా కళ్ళెదుట లియూబా దాటింది, తన అడుగు తానే చూసుకుంటూ, పెదవి కొరుక్కుంటూ, పాఠం ఒప్పజెప్పే పిల్లలా. ప్రోఫిరా చెయ్యి పైకి లేచింది. ఎవరి వీపు మీదా వాలలేదు. గాలిలోనే కొంచెంసేపు ఉండి కిందికి వచ్చేసింది.

చివరకు నా చేతులే పడిపోయాయి. అందులో గొప్పతనమేమీ లేదు, ఆపడానికి ఇంకే కారణమూ లేదు. గడియారం చూస్తే మూడున్నర.

పదమూడు మంది వచ్చి ప్రోఫిరా చుట్టూ చేరారు. తల్లీ కూతురూ చేతులు వదలకుండా ఆమె ముందుకు వచ్చారు.

"టీచర్," అన్నది లియూబా, "నాకు ఏడింటిదాకా సెలవు. నా దగ్గరున్న ముసలావిడకి ఏడింటికి మందులెయ్యాలి. దీన్ని ఐదింటిదాకా నాతో పంపండి."

"ఇక్కడే కూర్చుని మాట్లాడుకోండి."

"ఇక్కడా? ముప్పై మంది ముందు నాలుగేళ్ళ సంగతులు ఏం మాట్లాడుకోను?"

"పాస్‌పోర్టు నా దగ్గరుంది, లియూబా."

"ఉంచుకోండి టీచర్." ఆ గొంతులో ఎగతాళి లేదు, అందువల్లే అది గుచ్చుకుంది. "ఈ చౌకులో ఎవరు బతుకుతున్నారు పాస్‌పోర్టుతో? నాది ఎప్పుడో చెల్లిపోయింది. పోలీసు కనిపిస్తే వీధి మారతాను. బతుకుతున్నాను కదా?"

ప్రోఫిరా సంచి మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మూడు రోజులుగా తాను కాపలా కాస్తున్నది దేన్నో ఆ క్షణాన ఆమెకు అర్థమైందనుకుంటాను. తన సంచిలో ఉన్నంత మాత్రాన ఆ కాగితం పిల్లను వెనక్కి రప్పించజాలదు. రాని పిల్లకు దాక్కునే బతుకును ఖాయం చెయ్యగలదు, అంతే. ఆమె ముడి విప్పింది. పద్నాలుగింటిలో వెతికి ఒకటి తీసి, తల్లికి కాకుండా పిల్లకే అందించింది.

"ఐదింటికి బస్సు. ఆరు దాటితే నేను ఆగలేను, ఇంకా పదమూడు మంది ఉన్నారు. రాకపోతే ఇది నీ దగ్గరుండనీ. దీన్ని చూపించి ఎవరినైనా ఏదైనా అడగొచ్చు. మీ అమ్మలాగా వీధులు మారుతూ తిరక్కు."

సాండా దాన్ని తీసుకుంది. వాళ్ళు చర్చి మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండి, ఆ తరవాత ప్రోఫిరా మెట్ల మీద కూర్చుంది.

"మంచి పని చేశారు," అన్నాను.

"చెయ్యలేదు. భయపడ్డాను. అది నా దగ్గరుండి ఆ పిల్ల రాకపోతే, తాళం వేసిన చెయ్యి నాదవుతుంది. ఇప్పుడు తాళం ఆ పిల్ల చేతిలో ఉంది. నాకు కాస్త తేలిక, అంతే."

ఐదయింది. పిల్లలు ఎక్కి కూర్చున్నారు. త్రొఫిమ్ ఇంజను ఆన్ చేశాడు, ఆమె చూసిన చూపుకు మళ్ళీ ఆపాడు. ప్రోఫిరా తలుపు మెట్టు మీద నిలబడింది. ఐదుం పావు. ఎదురింటివాళ్ళు కిటికీ తలుపులు మూసుకున్నారు. ఐదున్నర.

"రాదు టీచర్," అన్నది ముందు సీట్లోని ఇలింకా. ఎప్పుడూ ఉన్నమాట అనేసే పిల్ల. "నేనైతే రాను."

"నిన్నడగలేదు ఇలింకా."

"అడగరనే చెప్తున్నా. దానికి అమ్మ కనిపించింది. మనకి బస్సు కనిపిస్తోంది. ఏది ఎక్కువో మీరే చెప్పండి."

"నోర్ముయ్యవే," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"నేను ముయ్యొచ్చు. గడియారం ముయ్యదుగా."

త్రొఫిమ్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "టీచరమ్మా, దారిలో వాన కూడా ఉందంటున్నారు. ఆరంటే ఆరు. తరవాత నన్ననొద్దు."

"నిన్నెవరూ అనరు త్రొఫిమ్. సంతకం నీది కాదు."

ఐదూ నలభై. నేను దిగి మలుపు దాకా వెళ్ళి చూసి వచ్చాను. వీధి ఖాళీ. మెట్టు మీద ప్రోఫిరా అలాగే నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఉద్యోగం పోతుందన్న దిగులు ఉంటుందేమోనని చూశాను. అలాంటిదేమీ కనబడలేదు. పాఠం మధ్యలో జవాబు తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో అలా ఉంది.

ఆరుకు పది నిమిషాలున్నప్పుడు సాండా మలుపు తిరిగింది. ఒక్కతే. పరుగెత్తడం లేదు. చేతిలో పాస్‌పోర్టు. బస్సులో ఎవరో అరిచారు, ఇంకెవరో చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో మానేశారు. సాండా వచ్చి మెట్టు కింద నిలబడింది.

"మీ అమ్మేది?"

"వెళ్ళిపోయింది టీచర్. బస్సు చూస్తే తట్టుకోలేనంది."

"తనే పంపిందా? నువ్వే వచ్చావా?"

పిల్ల కాసేపు పాస్‌పోర్టు అట్ట మీది అక్షరాలను బొటనవేలితో రుద్దింది.

"నన్నెక్కడ పడుకోబెట్టాలో తెలీలేదు టీచర్. ముసలావిడ మంచం పక్కన అమ్మ మడత మంచం వేసుకుంటుంది. రెండోది పట్టదు, వాళ్ళు ఒప్పుకోరు కూడా. నిచితా వాళ్ళమ్మని అడిగాం. ఇంకో నలుగురికి ఫోన్లు చేశాం. అందరిదీ ఒకే ఒక్క మంచం. ఒకావిడ బాల్కనీ ఉందంది, ఎండాకాలం దాకా ఆగమంది. చివరిదాకా వెతికాం. అందుకే ఆలస్యమైంది."

మంచం దొరికి ఉంటే వచ్చేది కాదని ఆ పిల్ల దాచలేదు. ఆ రోజంతటిలో నేను విన్న అతి నిజాయితీ గల మాట అదే. అది ఒకరికి ఉద్యోగం పోగొట్టే సంకల్పాన్ని ఒప్పుకోవడం. ప్రోఫిరా కోప్పడుతుందనుకున్నాను. ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"ఎక్కు. ఏమైనా తిన్నావా?"

"లేదు."

"వెనక రొట్టె ఉంది."

బస్సు కదిలింది. వాన ఉంది, కాని అందుకున్నాం. ఐదు రోజుల లోపల పద్నాలుగు ముఖాలూ దౌత్య కార్యాలయపు కిటికీ ముందు కనిపించాయి. లోపలి మనిషి తలెత్తి సరిగా చూడను కూడా చూడకుండా గీతలు పెట్టుకున్నాడు.

చాలాకాలం ఈ సంగతిని నేను తరగతిలో నమ్మకానికి ఉదాహరణగా చెప్పాను. తాళం ఇచ్చేస్తే బందీ కానివాడు తనంతట తానే తిరిగొస్తాడని, మనిషి స్వేచ్ఛకు అర్థం అదేనని. ఒక రోజు వరండాలో వెళ్తూ ప్రోఫిరా విన్నది. గంట కొట్టాక నన్ను ఆపింది.

"నమ్మకం వల్ల రాలేదు మాస్టారూ. మంచం లేక వచ్చింది. పిల్లలకి అబద్ధం చెప్పకండి."

అప్పటినుంచి ఆ ఉదాహరణ మానేశాను. దాని స్థానంలో పెట్టడానికి ఇంకొకటి దొరకలేదు.

మరుసటి సంవత్సరం అదే పట్నంనుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి ప్రోఫిరా జాబితాలో ఇరవై ఒక్క పేర్లూ రాసింది. తల్లి నివాసం అన్న గడిలో ఇటలీలో ఉన్న ప్రతి తల్లికీ ఇటలీ అనే రాసింది, సాండా తల్లికి కూడా. చిరునామాలు మాత్రం రాయలేదు, పోలీసులకు పనికొస్తాయని. కార్యక్రమంలో ఒక పంక్తి చేర్చింది: ఆదివారం, రెండు నుంచి ఏడు వరకు, తల్లులతో. వారం తిరక్కుండానే దౌత్య కార్యాలయం నుంచి దస్త్రం వెనక్కి వచ్చింది. ఆ గడులూ ఆ పంక్తీ సవరించి పంపితే పరిశీలిస్తామన్నారు.

"ఒక్క పంక్తే కదా ప్రోఫిరా గారూ," అన్నాడు హెడ్‌మాస్టర్. "కొట్టెయ్యండి. అక్కడికెళ్ళాక మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి. పోయినసారి మాస్కో అని రాయలేదూ?"

"రాశాను. దాంతో ఆ పిల్లకి నేనే కాపలా అయ్యాను."

"ఇప్పుడు ఇరవై ఒక్క మందికీ ప్రయాణం లేకుండా చేస్తున్నారు."

"అవును."

ఆమె దాన్ని సవరించలేదు. ఆ ఏడు ఎవరూ వెళ్ళలేదు. తరవాత కూడా వెళ్ళలేదు. ఇలింకా చదువు పూర్తయ్యేదాకా ఆమెతో మాట్లాడలేదు. నిచితా తల్లిదండ్రుల సమావేశానికి అమ్మమ్మను పంపడం కూడా మానేశాడు. ఒకరి మనస్సాక్షికి ఇరవై ఒక్క మంది ఖరీదు కట్టడం సమంజసమా అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. కాదనే నాకనిపిస్తుంది. ఆమె స్థానంలో ఉంటే నేను ఆ పంక్తి కొట్టేసి ఉండేవాణ్ణి. బస్సులో ఎక్కాక పద్నాలుగు దాకానో ఇరవై ఒకటి దాకానో లెక్కపెడుతూ ఉండేవాణ్ణి.

సాండా మాత్రం శనివారాల్లో వస్తూనే ఉంది. బడిలో తన చివరి సంవత్సరమంతా వలయాన్ని తనే నడిపించింది. ప్రోఫిరా ఎప్పటిలాగే వెనక నిలబడేది, ఎప్పటిలాగే ఏమీ అనేది కాదు.